చివరి రౌండు కుర్రాడి ఎత్తు

నేను ఒక స్టీలు టేపుని. ఒంటినిండా గీతలున్న వస్తువుని కాబట్టి నేను చెప్పేదంతా నిజమేనని మీరు అనుకోవచ్చు. అనుకోకండి. నన్ను పట్టుకున్న చెయ్యి ఎలాంటిదైతే నా మాట కూడా అలాంటిదే. ఆ చేతుల్ని చూసీ చూసీ నాకు మనుషులంటే అనుమానం ఒక జబ్బులా పట్టుకుంది. ఎవరైనా నవ్వుతూ నా దగ్గరికి వస్తే ముందు వాళ్ళ మడమలు నేలకు ఆనాయో లేదో చూస్తాను.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. పసుపు రంగు పూసి, నల్ల గీతలు అచ్చేసి, చుట్టచుట్టి డబ్బాలో కుక్కారు. మా వరసలో టేపులన్నీ ఒకే పొడవని డబ్బా మీద రాశారు గానీ, పక్కవాడి అంగుళమూ నా అంగుళమూ ఒకటేనా అని చూసినవాడు లేడు.

మొదట నన్ను కొన్నది అప్పలనరసయ్య అనే వడ్రంగి. తలుపు బిగుసుకుపోతే టేపు తప్పు, కిటికీ వదులైతే టేపు తప్పు. సరిగ్గా కుదిరితే మాత్రం అది ఆయన చేతి పనితనం. విజయవాడలో ఒక ఇండోర్ స్టేడియంలో బల్లలు బిగించి, నన్ను మెట్టు మీద మరిచిపోయి వెళ్ళిపోయాడు. అక్కడ వాలీబాల్ చూడటానికొచ్చిన సుదర్శనరావు నన్ను తీసి, అటూ ఇటూ చూసి, జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా "దొరికింది" అనేవాడు. ఎత్తుకొచ్చిన వస్తువు గురించి మనుషులు చాలా మర్యాదగా మాట్లాడతారు.

సుదర్శనరావు ఒకప్పుడు రైల్వే జట్టులో సెట్టరు. వెనక నుంచి తనవాళ్ళు అందించిన బంతిని ఏ కొట్టేవాడికి ఎత్తిపెట్టాలో రెప్పపాటులో తేల్చుకునేవాడే సెట్టరు. ఎవరికి పెట్టబోతున్నాడో అవతలి జట్టుకు చివరి క్షణం దాకా తెలియకూడదు. తనవాళ్ళంతా అతన్ని నమ్మాలి, ఎదుటివాళ్ళంతా అతని చేతిలో మోసపోవాలి. ఇలాంటి ఉద్యోగం చేసినవాడి జేబులో పడ్డానే అని నాకు మొదట్లో నిద్రపట్టేది కాదు. కానీ కొలతల దగ్గర ఆయన నిక్కచ్చి మనిషి. నన్ను గోడకు అదిమి, కొస నేలకు తొక్కిపట్టి, ఉన్నది ఉన్నట్టు చదివేవాడు. ఈ ఒక్క మనిషినైనా నమ్మొచ్చని నేను నెమ్మదిగా మెత్తబడ్డాను.

మోకాళ్ళు అరిగాక ఆయనకు 'కృష్ణా కెరటాలు' అనే లీగ్ జట్టులో, ఊరూరా తిరిగి కుర్రాళ్ళను వెతికిపెట్టే పని దొరికింది. లీగ్‌లో ఎంపిక రౌండ్లవారీగా సాగుతుంది, ఒక్కో రౌండులో ఒక్కో జట్టు ఒక్కో ఆటగాణ్ణి ఎంచుకుంటుంది. పేరున్నవాళ్ళంతా ముందు రౌండ్లలోనే పోతారు. చివరి రౌండుకు మిగిలేది కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళలో సెట్టరును తీసుకోవాలంటే అందరికీ దడే. కాలేజీ ఆటలో సర్వీసులు మెత్తన, బంతి పువ్వులా నెత్తి మీదికే వస్తుంది, ఎవడైనా బాగానే ఎత్తుతాడు. లీగ్‌లో సర్వీసు దెబ్బకు బంతి ఎటు చెదురుతుందో దేవుడికే తెలియదు. కాలేజీ సింహాలు అక్కడ పిల్లులైపోవడం సుదర్శనరావు కళ్ళారా చూసినవాడే. అంతకు ముందు ఏడాది ఆయన మెచ్చి తెచ్చిన ఒక పొడుగు సెట్టరు మొదటి ఆటలోనే చేతులెత్తేశాడు.

జట్టు కోచ్ బాలస్వామి కరీంనగర్ మనిషి. మొహమాటం ఎరగడు. "సుదర్శనం, ఈసారి గూడ గిట్లనే అయితే మల్ల నీ మాట నేను ఇనను. సెట్టరైనా సరే, ఆరడుగులకు తక్కువుంటే నా దగ్గరికి తేకు" అన్నాడు. సుదర్శనరావు నన్ను జేబులో వేసుకుని భీమవరం బస్సెక్కాడు. ఆ పని పోతే ఆయనకు ఆటతో మిగిలే చుట్టరికం టీవీ ఒక్కటే.

భీమవరంలో ఒక కాలేజీ మైదానంలో ఎంపిక పోటీలు. ఎంత ఎగరగలరో చూడటానికి వేళ్ళకు సుద్దపొడి రాసి, గోడ పక్కన నిలబడి చెయ్యెత్తి ఒక ముద్ర, ఎగిరి ఇంకో ముద్ర వేయించడం పద్ధతి. రెండింటి మధ్య దూరం నేను చెబుతాను. అక్కడే ఉంది కిటుకు. మొదటి ముద్ర వేసేటప్పుడు ప్రతివాడూ భుజం కిందికి జార్చేస్తాడు, మొహం మాత్రం గుళ్ళో ఉన్నట్టు పెడతాడు. ముద్ర కిందికి దిగితే ఎగిరిన ఎత్తు అంతకంత పెరిగినట్టు కనిపిస్తుంది. సుదర్శనరావు వెనక నుంచి భుజాలు పైకి నెడుతూ, తిడుతూ పోతున్నాడు.

ఏసుబాబు వంతు వచ్చింది. డిగ్రీ చివరి ఏడాది, ఆ జట్టు సెట్టరు. వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఈ ఏడు ఎవరూ పిలవకపోతే తనూ అక్కడికే వెళ్ళాలని కుర్రాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. అతను నెట్టించుకోకుండానే చెయ్యి తెగేటంత పైకి సాచి ముద్ర వేశాడు. ఎగిరినది అందరికంటే తక్కువ తేలింది. నాకు వెంటనే అనుమానం వచ్చింది. చిన్న మోసం చెయ్యనివాడు పెద్దదానికి తయారవుతుంటాడని నా అనుభవం.

ఆటలో మాత్రం అతని చేతులు చూసి సుదర్శనరావు నోరు తెరిచాడు. తర్వాత ఆయనకూ అనుమానం పట్టుకుంది. "బంతి చక్కగా వస్తంటే ఎవడైనా ఎత్తుతాడు. కాస్త పాడుచేసి ఇవ్వండ్రా" అని వెనక ఉన్న కుర్రాళ్ళకు చెప్పాడు. వాళ్ళు స్నేహితుడి మీద ప్రేమకొద్దీ, చాలా పద్ధతిగా పాడుచేశారు. బంతి గాలిలో తాగినవాడిలా ఊగి, చివరికి వచ్చి ఏసుబాబు నుదుటి ముందే దిగేది. సుదర్శనరావు వాళ్ళను పక్కకు పొమ్మని తనే బంతులు విసరడం మొదలెట్టాడు. నెట్‌కు ఆనించి ఒకటి, గీత అవతలికి ఒకటి, మోకాళ్ళ కిందికి ఒకటి. కుర్రాడు కొన్ని పోగొట్టాడు. చాలావాటిని పడుతూ లేస్తూ అందుకుని, తను చూడని వైపుకే ఎత్తిపెట్టాడు. సుదర్శనరావు ఒక్కసారి కూడా సరిగ్గా ఊహించలేకపోయాడు. ఆయన మొహంలో నేను అంతకు ముందెప్పుడూ చూడని సంతోషం.

ఆ సంతోషమే నా కొంప ముంచింది. ఎత్తు కొలవడానికి ఏసుబాబు గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. సుదర్శనరావు నా కొసను నేల మీద బూటుతో తొక్కి, నన్ను పైకి లాగి, తల మీద చెక్క పెట్టి చూశాడు. ఆరడుగులకు కొంచెం తక్కువ. ఆయన ఊపిరి వదిలాడు. చుట్టూ చూశాడు. తర్వాత మెల్లగా, పసిపిల్లను దింపుతున్నట్టు, నన్ను కొద్దిగా వదులు చేశాడు. నా నడుము గోడ వదిలి బయటికి వంగింది. చెక్క దగ్గర గీత మారింది. ఆరడుగులు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయి పోయి నేను నమ్మింది ఇతన్నా?

ఏసుబాబు తల తిప్పలేదు. కళ్ళు మైదానం అవతలి గోడ మీదే ఉన్నాయి.

"టేపు వదులైందండి, సార్" అన్నాడు, ఆయనకు మాత్రమే వినపడేలా.

సుదర్శనరావు చెవులు ఎర్రబడ్డాయి. నన్ను బిగించి మళ్ళీ చదివి, ఉన్న ఎత్తే పైకి చెప్పాడు. విజయవాడ వెళ్ళి బాలస్వామి ముందు నిలబడి, ఈ కుర్రాడు కావాలన్నాడు.

"గింత పొట్టోణ్ణా?"

"పొట్టే. నేను టేపు వదులు చేస్తే, తల తిప్పకుండా కనిపెట్టేశాడు. ముందుకు చూస్తా పక్కన జరిగేది పట్టేసే కన్ను అయ్యా అది. సెట్టరుకు కావాల్సింది అదే కదా. వీడు ఆడలేకపోతే నేనూ ఈ పని వదిలి పోతాను, రాసుకో."

టేపు వదులు చేసిన సంగతి అలా తన నోటితోనే బయటపెట్టుకున్నాడు. బాలస్వామి నవ్వి సరేనన్నాడు. చివరి రౌండులో, అందరూ కుర్చీలు జరుపుకుని లేస్తుండగా, ఏసుబాబు పేరు చదివారు.

నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అది నిజాయితీయా, సెట్టరు ఎత్తుగడా? ఒకవైపు చూస్తూ ఇంకోవైపు బంతి పెట్టేవాడి మాట ఎటు వెళుతుందో నాకేం తెలుసు?

మొదటి ఏడు అతన్ని ఆడించలేదు, బల్ల మీదే కూర్చున్నాడు. రెండో ఏడు పెద్ద సెట్టరు చీలమండ బెణికితే ఇతన్ని ఆటలోకి దించారు. మొదటి సెట్‌లో తడబడి నాలుగు బంతులు పాడుచేశాడు. సుదర్శనరావు జేబులో చెయ్యి పెట్టి నన్ను ఎంత గట్టిగా పిసికాడంటే నా డబ్బా కిర్రుమంది. తర్వాత కుర్రాడు కుదురుకున్నాడు. అవతలివాళ్ళు అటు ఎగిరితే బంతి ఇటు వెళ్ళింది. ఆట గెలిచారు. ఆ తర్వాత అతను మళ్ళీ బల్ల మీద కూర్చోలేదు.

సుదర్శనరావుకు పట్టపగ్గాల్లేవు. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, క్షవరం కొట్లో, ఎక్కడ పడితే అక్కడ ఆ కన్ను కథే. చెప్పినకొద్దీ నా వంకర తగ్గుతూ, కుర్రాడి చూపు పెరుగుతూ వచ్చింది.

ఒకరోజు క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ ఆయన ఏసుబాబునే అడిగాడు. "ఆ రోజు ఎలా చూశావురా, తల కూడా తిప్పకుండా?"

ఏసుబాబు చట్నీ గిన్నె పక్కకు జరిపాడు. "చూళ్ళేదండి."

"మరి?"

"మీకంటే ముందొచ్చిన సార్లు కూడా నా ఆట నచ్చాక అదే చేశారండి. ఒకాయన టేపు వదులు చేశారు. ఇంకొకాయన బూట్లు ఇప్పొద్దులే అన్నారు. మంచోళ్ళేనండి. నేనూ నోరు మూసుకున్నాను. క్యాంపుకెళ్ళాక మళ్ళా కొలిచి, అందరి ముందూ పంపించేశారండి. మా నాన్న స్టేషన్‌కొచ్చి నా సంచి తీసుకున్నాడు. ఇంటిదాకా తనే మోశాడండి. మీరూ ఊపిరి వదిలి ఆగారు. ఇక అదే చేస్తారనుకున్నాను."

సుదర్శనరావు చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. ఆయన చూసిన కన్ను అక్కడ లేదు. నేను అనుమానించిన ఎత్తుగడా లేదు. ఇద్దరం తప్పుగానే కొలిచాం. చూసి చూసి మంచివాళ్ళ దయకు భయపడటం నేర్చుకున్న ఒక కుర్రాడు మాత్రమే ఆ గోడ దగ్గర నిలబడ్డాడు.

ఇప్పుడు నాకు తుప్పు పట్టింది. జట్టువాళ్ళు వెలుగుతో కొలిచే కొత్త యంత్రాలు కొన్నారు. అయినా ఊళ్ళకు వెళ్ళేటప్పుడు సుదర్శనరావు నన్నే తీసుకెళతాడు. మొన్న నర్సాపురంలో ఒక సెట్టరు ఆయన్ని అబ్బురపరిచాడు. వాడూ పొట్టే. గోడ దగ్గర నిలబెట్టినప్పుడు ముసలాయన ఊపిరి వదిలాడు, చుట్టూ చూశాడు. నేను ఒళ్ళు బిగబట్టుకున్నాను. ఆయన నన్ను గోడకు అదిమి, తిన్నగా లాగి పట్టుకుని, ఉన్న ఎత్తు వాడి మొహం మీదే చెప్పాడు.

"ఇంతే ఉన్నావు నాన్నా. ఇంతే ఉన్నావనే వాళ్ళకు చెబుతాను. ఆ తర్వాత నీకోసం పోట్లాడతాను."