డోల్మాబాహ్చే దగ్గర పార్కింగ్ పందెం

ఆదివారం పూట డోల్మాబాహ్చే రాజభవనం దగ్గర కారు పెట్టడానికి చోటు దొరికిందంటే ఇస్తాంబుల్‌లో ఎవరూ నమ్మరు. ఫిలిజ్ పందేనికి ఆ చోటే ఎంచుకోవడానికి కారణం అదే. తండ్రి సబ్రీ చేతిలోంచి కారు తాళం లాక్కోవాలని ఆమె చలికాలం నుంచీ పోరుతోంది. ఆయన పక్కింటివాళ్ళ కారు తలుపు గీరిన రోజున మొదలైంది గొడవ. డెబ్భై దాటిన మనిషికి ఇంకా స్టీరింగ్ ఎందుకని ఆమె, ఆ కారు అడ్డంగా పెట్టినవాడిదే తప్పని ఆయన. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఎవరి సాయమూ లేకుండా రాజభవనం దగ్గర కారు పెట్టి చూపిస్తే ఏడాదిదాకా ఆమె నోరెత్తదు. పెట్టలేకపోతే తాళం ఆమెది.

సబ్రీ దీన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. జనం నిండితే తప్ప కదలని డోల్ముష్ వ్యాను ముప్పై ఏళ్ళ పైచిలుకు ఈ దారిలోనే తోలినవాడు. ఈ ఊళ్ళో ఎవరైనా కారు వెనక్కి తీస్తుంటే చాలు, టీ తాగేవాడు గ్లాసు పక్కన పెట్టి, గడ్డం చేయించుకునేవాడు సబ్బు మొహంతోనే వచ్చి "రా, రా, ఇంకా రా" అని చేతులూపుతాడు. ఎవరూ పిలవనక్కర్లేదు. ఆ "రా రా" ఒక్కనాడూ అనిపించుకోలేదని సబ్రీ గొప్ప. కారు చేజారితే రేపట్నుంచి కిటికీ పక్కన కూర్చుని వీధి చూసే ముసలివాళ్ళలో తనూ ఒకడవుతానని ఆయన భయం. గొప్ప అందరికీ చెప్పాడు గానీ భయం ఎవరికీ చెప్పలేదు.

వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య నెబాహత్‌కి ఈ పందెంతో పని లేదు. ఆమెకు రాజభవనం చూడాలని పెళ్ళినాటి కోరిక.

"ఇన్నేళ్ళూ దీని ముందునుంచే బండి తోలావు. ఒక్కనాడైనా ఆపావా?" అంది.

"అక్కడ ఆపితే పోలీసు ఊరుకుంటాడా?"

"పోలీసుకి భయపడ్డావు గానీ నాకు భయపడలేదు."

స్టేడియం పక్కనున్న పార్కింగ్‌కి గొలుసు కట్టేసి ఉంది. కాపలావాడు దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. గడియారం గోపురం ముందు టూరిస్టు బస్సులు వరస కట్టి రోడ్డు మింగేశాయి. సబ్రీ ఒక చుట్టు తిరిగాడు, ఇంకో చుట్టు తిరిగాడు. కబాతాష్ రేవుదాకా పోయి మళ్ళీ వచ్చాడు. ముందు సీట్లో ఫిలిజ్ తీరిగ్గా కిటికీలోంచి సముద్రం చూస్తోంది. ఆ తీరిక చూసి ఆయనకు ఒళ్ళు మండింది. ఆఖరికి కారును వెనకవైపు ఎత్తు వీధిలోకి ఎక్కించాడు. ఆయన అదృష్టం కొద్దీ సరిగ్గా అప్పుడే ఒక కారు బయటికొచ్చింది. అటు రొట్టెల వ్యాను, ఇటు ఎవరో తమ చోటని పెట్టుకున్న డ్రమ్ము. మధ్యలో ఖాళీ తన కారు పొడవు కంటే కాస్త ఎక్కువ, అంతే.

మలుపులో నువ్వుల రొట్టెలు, అవే సిమిత్‌లు, అమ్మే నడివయసు మనిషి బండి వదిలి అప్పటికే చెయ్యెత్తాడు. సబ్రీ కిటికీ అద్దం దించి, "వద్దు తమ్ముడూ, నువ్వేం చెప్పకు. పందెం ఉంది" అన్నాడు. ఆ మనిషి నవ్వి, సరేనన్నట్టు గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

సబ్రీ ఒక్క ఊపులో చక్రం తిప్పి కారును వెనక్కి తీశాడు. పాత చెయ్యి పాత చెయ్యే. కారు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగుతోంది. అంతలో డిక్కీ మీద ఎవరో గట్టిగా చరిచారు. సబ్రీ బ్రేకు తొక్కాడు. చరిస్తే ఇక చాలు, ఆపమని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. ఫిలిజ్ కూడా అంతే అనుకుని వెనక్కి చూడలేదు. సబ్రీ మాత్రం అద్దంలోకి చూశాడు. సిమిత్‌ల మనిషి ఒంటిచేత్తో ఒక చిన్నపిల్లను కారు వెనకనుంచి పైకి లేపుతున్నాడు. పిల్ల కాళ్ళకు ఎర్ర బూట్లు. దుకాణంలోంచి వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి పిల్లను లాక్కుని లోపలికి పోయింది. అంతకుముందు ఆ అద్దంలో ఆయనకు పిల్ల కనిపించనే లేదు.

ఫిలిజ్ దిగి చక్రానికీ గట్టుకీ మధ్య చూసింది. వంక పెట్టడానికేమీ లేదు. "మరి ఆ చరుపు సాయం కిందికి రాదా?" అని అడిగింది.

"మీ నాన్న అడిగాడా? వద్దనే అన్నాడు. గెలిచాడు" అని నెబాహత్ తీర్పు చెప్పేసింది. ఫిలిజ్ ఓడిపోయానని ఒప్పుకుని, తండ్రి బుగ్గ మీద ముద్దు పెట్టింది. సబ్రీ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

టిక్కెట్ల వరస రోడ్డుదాకా ఉంది. కారుకు తాళం వేశానో లేదో చూసొస్తానని చెప్పి సబ్రీ మళ్ళీ ఎత్తు ఎక్కాడు. సిమిత్‌ల మనిషి ఆయన్ని చూడగానే ఒక సిమిత్ తీసి చేతిలో పెట్టాడు.

"పిల్ల ఎంత దూరంలో ఉంది?" అన్నాడు సబ్రీ.

"ఏం కాలేదుగా బాబాయ్. వదిలెయ్."

"ఎంత దూరం?"

ఆ మనిషి బొటనవేలూ చిటికెనవేలూ చాచి జానెడు చూపించాడు. "నువ్వేమో నోరెత్తొద్దన్నావు. అందుకే చేత్తో కొట్టా" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు.

రాజభవనంలో బూట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని నడిచారు. నెబాహత్ స్ఫటికపు మెట్ల దగ్గర నిలబడిపోయింది. పెద్ద దీపాల గుత్తి కింద తలెత్తి, ఇంతదాన్ని దుమ్ము దులిపేదెవరని కాపలావాణ్ణి అడిగింది. ఇంత ఇల్లు ఉండి వంటిల్లు ఎక్కడో చూపించరేమని విసుక్కుంది. సబ్రీ ఆమె వెనకే అన్ని గదులూ తిరిగాడు. ఏ గది ఎలా ఉందని అడిగితే ఒక్కటీ చెప్పలేడు. ఆ జానెడూ ఆయన కళ్ళముందునుంచి కదల్లేదు.

సాయంత్రం కారు దగ్గరికొచ్చాక ఆయన జేబులోంచి తాళం తీసి ఫిలిజ్ చేతిలో పెట్టాడు. కారు తెరవమన్నాడనుకుని ఆమె తెరిచి తిరిగి ఇవ్వబోయింది.

"నీ దగ్గరే ఉంచు. ఇక నుంచి నువ్వే తోలు."

"గెలిచింది నువ్వు కదా నాన్నా."

"నేను గెలవలేదమ్మా. కారు వెనక పిల్ల ఉంది. ఆ సిమిత్‌లాయన తీశాడు. నాకు కనపళ్ళేదు" అన్నాడు సబ్రీ.

ఫిలిజ్ చేతిలోని తాళంవైపు చూసింది. చలికాలం నుంచీ ఆమె కోరుకున్నది అదే. ఇప్పుడది చేతికొస్తే ఏడుపొచ్చింది.

నెబాహత్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "రెండేళ్ళుగా నీ కారులో నేను కళ్ళు మూసుకునే కూర్చుంటున్నా. నిద్రపోతున్నాననుకునేవాడివి" అంది మెల్లిగా.

"చెప్పొచ్చు కదా?"

"చెబితే దిగేవాడివా?"

సబ్రీ నిజంగానే ఆలోచించాడు.

"దిగేవాణ్ణి కాదు" అన్నాడు.

ఆయన వెనక తలుపు తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో వాళ్ళిద్దరూ అలా పక్కపక్కన కూర్చోవడం ఎప్పుడూ లేదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఫిలిజ్ అద్దాలు సరిచేసుకుని, వెనక ఎవరూ లేరని తల తిప్పి మరీ చూసి కారు తీసింది. సబ్రీ భార్యవైపు చూశాడు. ఆమె కళ్ళు తెరుచుకుని సముద్రం చూస్తూ కూర్చుంది, ఇల్లు చేరేదాకా అలాగే కూర్చుంది.