నల్లమ్మ ఆర్పిన కర్పూరం

ఎర్రగుట్లపల్లిలో నల్లమ్మ నోటికి భయపడని మగాడు లేడు. భయపడేంత పనే చేసిందామె. బస్టాపు దగ్గరికి బైకు మీద వచ్చి పిల్లలకు గంజాయి పొట్లాలు అమ్మే వాణ్ని, పొదుపు సంఘం ఆడవాళ్లను వెంటేసుకుని పోయి పట్టుకుంది. కరెంటు స్తంభానికి కట్టేసి, ముదిగుబ్బ నుంచి పోలీసులు వచ్చేదాకా చీపురుకట్టతో పలకరిస్తూ అక్కడే కూర్చుంది. దానికి కొంచెం ముందే ఆ ఊరి లక్ష్మన్న కొడుకు గంజాయి మత్తులో నడుచుకుంటూ పోయి ఎండిపోయిన బావిలో పడి చచ్చిపోయాడు. ఆ పిల్లవాణ్ని మంచానికి కట్టి పైకి లాగుతుంటే చూసిన ప్రతి తల్లీ అక్కడ తన కొడుకునే ఊహించుకుంది. నల్లమ్మకు ఊహించుకునే అవసరం కూడా లేదు. ఆమె కొడుకు తిప్పేష్ ఆ పిల్లవాడితో కలిసి తాగినవాడే.

భర్త పోయాక తిప్పేష్‌ను ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. ఉన్నది ఒక్కడు. వాడూ బావిపాలైతే తను బతికి చేసేదేముందని ఆమెకు అన్నం సహించేది కాదు. ఒక పొట్లాలవాడు జైలుకు పోతే ఇంకొకడు దిగుతాడు. అందుకని బయటివాళ్లను కాదు, ఇంట్లోవాళ్లను కట్టేయాలనుకుంది. దానికి తాడు ఊళ్లోనే ఉంది.

ఆ ఊళ్లో గొర్రె పోయినా, బోరు మోటారు స్టార్టరు పోయినా ఎవరూ పోలీస్ స్టేషను మెట్లెక్కరు. అనుమానం ఉన్నవాణ్ని సుంకులమ్మ గుడి ముందు నిలబెడతారు. వాడు తలమీద నీళ్లు పోసుకుని, తడిబట్టలతో, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను తప్పు చేయలేదని చెప్పాలి. దాన్ని సత్యం చేయడం అంటారు. అబద్ధపు సత్యం చేస్తే చెరుపు వాడొక్కడికే కాదు, ఊరంతటికీ. ఆ ఏడు వాన పడదు. వానే కరువైన సీమలో ఇంతకంటే పెద్ద బెదిరింపు అమ్మవారికి కూడా తట్టదు.

"పిల్లోళ్లందరితో సత్యం చేయిద్దాం. ఇంగ గంజాయి ముట్టమని ఆర్పల్ల. అప్పుడు చూద్దాం యెవడు తాగుతాడో," అంది నల్లమ్మ సంఘం మీటింగులో.

ఊరి పెద్ద గంగాధరప్ప తొడ చరిచినంత పని చేశాడు. ఒక్క నర్సు పుష్పావతి మాత్రం అడ్డుపడింది.

"అంత సులువుగా పోదక్కా ఆ అలవాటు. మానినోళ్లు మధ్యలో జారతారు. జారినప్పుడు భయం లేకుండా వచ్చి చెప్పుకునేటట్ల ఉండల్ల. అనంతపురంలో దీనికి మందులిచ్చే ఆస్పత్రి ఉండాది. ఈ సత్యాలు పెడితే రేపు ఎవురొచ్చి చెప్తారు?"

"జారేదానికి ఇదేమన్నా బురదనా పుష్పావతీ? సుంకులమ్మ ముందర చెయ్యి పెట్టినోడు ఎట్ల జారతాడు?"

ఆడవాళ్లంతా నవ్వారు. నల్లమ్మ కూడా నవ్వింది. మన మాటకు నలుగురూ నవ్వితే మనకంటే తెలివైనవాళ్లు లేరనిపిస్తుంది కదా, ఆమెకూ అలాగే అనిపించింది.

శివరాత్రి పోయిన తర్వాత ఒక మంగళవారం ఊళ్లోని కుర్రాళ్లంతా వరసగా నిలబడి కర్పూరం ఆర్పారు. తిప్పేష్ ఆర్పాడు. గొర్రెల దాసప్ప కొడుకు ఓబులేష్ ఆర్పాడు. గంజాయి అందరికంటే ఎక్కువ తాగేది వాడే కాబట్టి, వాడు ఆర్పేటప్పుడు అందరూ మెడలు చాచి చూశారు. పేపరులో ఫోటో పడింది. ఊరి మొదట్లో మత్తు లేని ఊరు అని బోర్డు రాయించారు. ఎవరో ఆఫీసరు వచ్చి నల్లమ్మకు శాలువా కప్పి, మైకులో ఆమె పేరు తప్పు పలికి పోయాడు.

నిజం చెప్పాలంటే కొన్నాళ్లు బాగానే గడిచింది. పిల్లలు వేళకు తిన్నారు, వేళకు పడుకున్నారు. తిప్పేష్ మొహం తేటపడింది. తల్లి పక్కన కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలిచాడు. నల్లమ్మ వాణ్ని చాటుగా చూసుకుని మురిసిపోయేది.

తర్వాత మృగశిర కార్తె వచ్చింది, చుక్క రాల్లేదు. ఆరుద్ర కూడా సగానికొచ్చింది. దున్నిపెట్టిన ఎర్రమళ్లలో గాలి దుమ్ము రేపుతోంది. మేఘాలు వచ్చి ఊరిమీద ఆగినట్టే ఆగి కదిరి వైపు వెళ్లిపోతున్నాయి. అరుగుల మీద గుసగుసలు మొదలయ్యాయి. వాన రాకపోవడం అనంతపురం వైపు కొత్తా? కానీ ఆ ఏడు దానికి కారణం కావాలి, ఆ కారణాన్ని నల్లమ్మే వాళ్ల చేతిలో పెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం తిప్పేష్ వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆమె విత్తనాలు చెరుగుతోంది.

"అమ్మా, నేను మల్లా తాగినా."

చేతిలో చేట ఆగిపోయింది.

"ఒగసారి కాదు. తాగుతానే ఉండా. మానల్లనే చూసినా, నా చేత కావడంల్యా. ఒళ్లంతా వణుకుతాది, నిద్ర రాదు. పుష్పావతక్క చెప్పిన ఆస్పత్రికి తీస్కపో అమ్మా. నాకు భయమైతాండాది."

నల్లమ్మ వాడి నోరు మూసింది. మూసి, లేచి పోయి వీధి తలుపు వేసింది. పంతొమ్మిదేళ్ల కొడుకు చిన్నపిల్లాడిలా తనను కాపాడమని అడుగుతుంటే ఆమెకు మొదట వచ్చింది కోపం కాదు, దుఃఖం కాదు. ఎవరైనా విన్నారేమోనన్న భయం. అది తనకే తెలిసి, తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆస్పత్రికి పోతే ఊరికంతా తెలుస్తాది రా. సత్యం తప్పింది నువ్వేనని, వాన రాంది నీ వల్లనేనని మన కొంపకు నిప్పు పెడతారు. వాన పడనీ నాయనా. అందరూ సేద్యాల్లో పడతారు, మనల్ని ఎవురూ పట్టించుకోరు. వాన పడిన మర్సటి దినమే పోదాం. నా మీద ఒట్టు."

వాన పడేదాకా జబ్బు ఆగుతుందా అని తిప్పేష్ అడగలేదు. తల ఊపాడు.

వాన పడలేదు. గంగాధరప్ప ఊరందర్నీ గుడి ముందుకు పిలిచాడు.

"ఎవుడో సత్యం తప్పినాడు. వాడు బయటికి రావల్ల. వాని పాపానికి ఊరంతా ఎండల్లనా?"

ఎవరూ పేరు చెప్పలేదు. కళ్లన్నీ మాత్రం ఓబులేష్ మీదికి పోయాయి. మనిషి పుల్లలా ఉన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. రైతుల చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టి, తెల్లవార్లూ కాపలా కాసేవాడి కళ్లు ఎర్రగా కాక ఎలా ఉంటాయి? ఆ మందలు కట్టించుకున్నది అక్కడ కూర్చున్న రైతులే. అయినా ఒక్కడికీ ఆ సంగతి గుర్తు రాలేదు.

"ఏమప్పా ఓబులేషూ, నువ్వు తప్పకుంటే ఇంగోసారి ఆర్పు," అన్నాడు గంగాధరప్ప.

ఓబులేష్‌కు రోషం వచ్చింది. "ఏంటికి ఆర్పల్ల? ఒగసారి ఆర్పినా. అప్పుట్నుంచీ ముట్టలా. మానేదానికి నేను ఎంత చచ్చినానో మా నాయనకు తెలుసు. మీకు అనుమానం వచ్చినప్పుడల్లా చెయ్యి కాల్చుకోవల్లనా? అందర్నీ అడగండి, నన్నొక్కన్నే ఏంటికి?"

అంతే. సత్యం చేయనన్నాడు కాబట్టి తప్పు చేసినట్టే అనుకున్నారు. అరుపులు లేచాయి. వాడి తండ్రి దాసప్ప చేతులు జోడించి అందరి వైపూ తిరుగుతున్నాడు, ఎవరూ చూడటం లేదు.

అప్పుడు తిప్పేష్ లేచి నిలబడ్డాడు.

"ఓబులేష్ కాదు మామా. తాగింది నేను."

వాడు నల్లమ్మ వైపే చూస్తున్నాడు. ఆ చూపులో భయం లేదు, చెప్పేసి బరువు దించుకున్నట్టు ఉంది. ఇప్పుడు ఆమె చేయాల్సింది ఒక్కటే, పోయి వాడి పక్కన నిలబడటం. తిడతారు, ఉమ్ముతారు, ఊళ్లోంచి పొమ్మంటారు కూడా. కానీ కొడుకు చేతిలో ఉంటాడు, ఆస్పత్రి దారి తెరుచుకుంటుంది. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలియక చేసిందని ఎవరూ ఆమెను సమర్థించాల్సిన పనిలేదు.

నల్లమ్మ గట్టిగా నవ్వింది.

"చూసినారా నా కొడుకును? జతగాడు కదా, వాని తప్పు ఈడు నెత్తినేసుకుంటాండాడు. ఒరేయ్, స్నేహానికి ఒగ హద్దు ఉండాది రా!"

బిందె ఎత్తి నీళ్లు తలమీద పోసుకుంది. కర్పూరం వెలిగించమంది.

"అమ్మా, వద్దు," అన్నాడు తిప్పేష్.

"నా బిడ్డ సత్యం తప్పలేదు," అని నల్లమ్మ మంట మీద చెయ్యి పెట్టింది. ఆరిపోయిన తర్వాత కూడా ఇంకా కొంచెంసేపు అలాగే అదిమిపట్టింది.

పొట్లాలవాణ్ని స్తంభానికి కట్టిన నల్లమ్మ, శాలువా కప్పించుకున్న నల్లమ్మ, ఆమె మాట ఎవరు కాదంటారు? ఓబులేష్ వాళ్లను ఊరొదిలి పొమ్మన్నారు. దాసప్ప తన మందను తోలుకుని, పెళ్లాన్ని, కొడుకును వెంటేసుకుని యాడికి అనే ఊరి వైపు వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఓబులేష్ ఎవర్నీ తిట్టలేదు. తిప్పేష్ భుజం మీద చెయ్యేసి, "నువ్వన్నా బాగుపడప్పా," అని పోయాడు.

ఆ వారంలోనే వాన పడింది. వాన ఎవరి సత్యం కోసమూ కాచుకుని కూర్చోదు. దానికి తోచినప్పుడు వస్తుంది, వచ్చింది. ఊరు మాత్రం పాపం వదిలిందని సుంకులమ్మకు పొట్టేలును కోసింది. గంగాధరప్ప తలకాయ కూర నల్లమ్మ ఇంటికి పంపించాడు.

నల్లమ్మ ఆ కూర ముట్టకుండా కొడుకు దగ్గరికి పోయింది. "లేయ్ నాయనా, ఆస్పత్రికి పోదాం."

తిప్పేష్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఎట్ల పోదామమ్మా? నేను ఆస్పత్రిలో పడితే నువ్వు చేసింది అబద్ధపు సత్యమైపోతాది. ఓబులేషోళ్లను ఉత్తపుణ్యానికి తరిమినారని తేలిపోతాది. నువ్వు ఈ ఊర్లో బతుకుతావా?"

పోతే పోనీలే, నువ్వు బతికితే చాలు అని ఆమె అనాలి. వాడు ఆ మాట కోసమే చూస్తున్నాడని కూడా ఆమెకు అర్థమైంది. అయినా ఆమె కాలిన అరచేతిని కొంగులో దాచుకుంది. అది చూసి తిప్పేష్ జేబులోంచి పొట్లం తీశాడు. తల్లి ఎదురుగానే చుట్టుకున్నాడు, తల్లి ఎదురుగానే వెలిగించాడు. దాచుకోవాల్సిన అవసరం ఇంక వాడికి లేదు. నల్లమ్మే లేచి కిటికీ రెక్కలు మూసింది. వాసన బయటికి పోకుండా సాంబ్రాణి వేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో మూడుపూటలా సాంబ్రాణే. నల్లమ్మకు భక్తి ముదిరిందని ఊళ్లో చెప్పుకున్నారు.

చెనిక్కాయ చేలు పూతకొచ్చిన రోజుల్లో పొరుగూరి ఆడవాళ్లు కొందరు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల ఊళ్లోనూ పిల్లలు పాడవుతున్నారట. ముందు గదిలో కూర్చోబెట్టి నల్లమ్మ అంతా చెప్పింది. ఏ వారం మంచిది, పిల్లలను ఎలా నిలబెట్టాలి, ఏం పలికించాలి. లోపల గొళ్లెం పెట్టిన గదిలో తిప్పేష్ దగ్గుతున్నాడు. వాడు దగ్గినప్పుడల్లా ఆమె గొంతు పెంచుతోంది.

అందరూ లేచాక త్రివేణి అనే ఆమె ఒక్కతే వెనకబడింది. కళ్ల కింద నల్లగా ఉంది.

"అక్కా, ఒగ మాట. ఆర్పినంక మల్లా తాగితే? మావాడు మానల్లనే చూస్తాడు, పాపం. కానీ ఉండలేడక్కా. అట్లయితే ఏం చేయల్ల?"

సత్యం పెట్టొద్దు తల్లీ, వాణ్ని ఈ పొద్దే ఆస్పత్రికి తీసుకుపో. ఆ మాట నల్లమ్మ గొంతుదాకా వచ్చింది. లోపల దగ్గు తెరలు తెరలుగా లేచింది. త్రివేణి తలుపు వైపు చూసింది.

"మా ఊర్లో ఎవురూ తాగలా," అంది నల్లమ్మ. "ఒక్కడు తప్పినాడు, వాన్ని తరిమినాం. నీ పెంపకం సరిగ్గా ఉంటే నీ కొడుకూ తాగడు."

త్రివేణి తల వంచుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులేసుకుని, మళ్లీ వెనక్కి తిరిగింది.

"సరే అక్కా. సత్యం చేసే దినం నువ్వు వచ్చి మావాని పక్కన నిలబడు. నీ మొహం చూస్తే వానికి ధైర్యం వస్తాది."

"వస్తా," అంది నల్లమ్మ.