మూడో ట్యూనులో ఆగిన చెయ్యి

కడిగిన కప్పులు తుడుస్తోంది ఆమె. ముందుగదిలో వాళ్ళకి ఇది రెండో విడత టీ. భర్త గిటార్ ఆల్బమ్ పూర్తయింది. పాడేవాళ్ళు లేరు, మాటలు లేవు, ఎనిమిది ట్యూన్లు, అన్నిట్లోనూ గిటారుదే గొంతు. కాస్త ఫంక్, కాస్త బ్లూస్, తక్కినదంతా గోడలదిరే రాక్. డ్రమ్మరూ, బేస్ గిటార్ వాయించే లావుపాటాయనా, రికార్డిస్టూ, అత్తగారూ కూర్చుని వింటున్నారు. ఆమెని కూర్చోమని ఎవరూ అనలేదు. అనలేదన్న సంగతి ఆమెకీ తోచలేదు.

మూడోది మొదలైంది. నెమ్మదిగా సాగే బ్లూస్. గిటార్ ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నట్టు ఠక్కున ఆగింది. రెండు దెబ్బల సేపు ఒట్టి డ్రమ్స్. మళ్ళీ అందుకుంది.

"అబ్బ! అక్కడ ఆగావు చూడు మాస్టారూ, చంపేశావు!" లావుపాటాయన తొడ చరుచుకున్న చప్పుడు వంటింటిదాకా వచ్చింది.

"ఎక్కడ వాయించాలో అందరికీ తెలుసురా. ఎక్కడ వాయించకూడదో తెలియడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది," అన్నాడు భర్త.

ఆమె చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఆ ఆగింది తను. ఆ మధ్యాహ్నం వెనకగదిలో తను గిటార్ వైరు తిన్నగా రికార్డింగు పెట్టెలోకి గుచ్చి వాయిస్తూంటే, "అమ్మాయ్, నా కళ్ళజోడెక్కడ పెట్టావ్?" అంటూ అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. తను అరచేత్తో తీగలు నొక్కిపెట్టి, గడ్డంతో అలమర వైపు చూపించి, తాళం తప్పకుండా మళ్ళీ అందుకుంది. గదిలో మాట వైరులోకి వెళ్ళదు కాబట్టి అత్తగారి కేక పడలేదు. కేకకి ఆగిన చెయ్యి మాత్రం పడింది. డ్రమ్మరు వినడానికి ముందుగా ఎవరో ఒకరు ట్యూనంతా వాయించి పెట్టాలి, దాన్ని గైడ్ ట్రాక్ అంటారు. డ్రమ్స్ అయ్యాక దాన్ని చెరిపేసి అసలు గిటార్ ఎక్కిస్తారు. భర్తకి పిల్లలకి పాఠాలు చెప్పే హడావుడి. "నువ్వు వాయించి పెట్టేద్దూ, ఎలాగూ చెరిపేసేదేగా," అన్నాడు. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే. పెళ్ళయ్యాక, "ఇద్దరూ మీటుకుంటూ కూర్చుంటే పొయ్యి ఎవరు ముట్టిస్తారే?" అని అత్తగారు నవ్వితే అందరితోపాటు తనూ నవ్వింది. చెరిపేసేదే కదా అన్న ధైర్యంతోనే ఆ మధ్యాహ్నాలు బట్టల మెషిన్ తిరుగుతున్నంత సేపూ ఇష్టమొచ్చినట్టు వాయించింది. ఎవరూ వినరనుకున్నప్పుడు మనిషి తనలో తను మాట్లాడుకుంటుందే, అలా. ఆ మాటలిప్పుడు ముందుగదిలో ఆయన గొంతుతో వినబడుతున్నాయి. కాదేమో, పొరపాటు పడ్డానేమో అనుకుంది. తన దగ్గు తను గుర్తుపట్టినట్టే, తన చేతినీ గుర్తుపట్టకపోవడమేమిటి!

రికార్డిస్టు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చాడు.

"ఆ మూడోది గైడ్ ట్రాకేనా?" అంది.

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. "అన్న మీకు చెప్పలేదా వదినా? మీకు తెలుసనుకున్నా! అన్న మళ్ళీ వాయించి చూశాడు, నాలుగు సార్లు. అస్సలు అతకలేదు. డ్రమ్స్ మీ చేతి వెంట నడిచాయి కదా, ఇంకో చెయ్యి పెడితే కుంటుతోంది."

"అదొక్కటేనా?"

"అయిదు."

"ఎనిమిదిలోనా?"

అతను తలూపాడు. చంకలోని అట్ట కాగితం తీసి గట్టు మీద పెట్టాడు. "కవరు. అచ్చుతప్పులు మీ చేత చూపించమన్నాడు అన్న. సాయంత్రం ప్రెస్‌కి ఇచ్చెయ్యాలి."

గిటార్ అన్నచోట పెద్దక్షరాల్లో భర్త పేరొక్కటే ఉంది. అన్నిటికన్నా కింద, చీమల బారంత సన్నగా, 'వేళకి టీ అందించిన నా శ్రీమతికి' అని ఉంది. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన రాసిన ప్రతి కాగితం దిద్దింది తనే. కాగితాన్ని మళ్ళీ అతని ముందుకే జరిపింది.

"ఏమోయ్, టీ ఏ దేశంనుంచి వస్తోంది?" భర్త గొంతు. అందరూ నవ్వారు.

"గిటార్ దగ్గర నా పేరు కూడా రాయి. ఏ అయిదు ట్యూన్లో అది కూడా," అంది ఆమె రికార్డిస్టుతో.

"వదినా... అన్నతో ఒక మాట..."

"అన్నతో నేను చెప్తాను. నా పేరు లేకుండా నా అయిదూ బయటికి వెళ్ళవు. రాయి."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మీదికి వంగి, పెన్ను ఆనించి, అలాగే ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఏడేళ్ళుగా ఆమె చేతి వంట తింటున్న మనిషి.

"వదినా, మరి... మీ పేరేంటి?"

ఆమె చెప్పింది. గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి.

ముందుగదిలో నవ్వులు ఆగిపోయాయి. "ఎవరే అమ్మాయ్ వచ్చింది? ఆ పేరు గలవాళ్ళు మనకెవరున్నారు?" అంటున్నారు అత్తగారు.

"నేనే అత్తయ్యా," అంటూ, తడి చేతులతోనే ఆ కాగితం పట్టుకుని ఆమె ముందుగదిలోకి నడిచింది.