రంగూన్ టేకు ద్వారబంధం

మా ఇంట్లో టేకు మాట ఎత్తితే చాలు, పెద్దవాళ్లు మా మేనత్త పెంచలమ్మ కథ మొదలుపెట్టేవాళ్లు.

ఆమె భర్త రాజమోహన్‌ది ఆత్మకూరు. బట్టల కొట్టు కుటుంబం. మద్రాసులో చదివి ఆర్కిటెక్టయి, నలభై ఆరులో రంగూన్ పోయాడు. యుద్ధంలో కూలిన ఇళ్లకు ప్లాన్లు గీసే పని. ఆత్మకూరులో అన్నదమ్ముల ఉమ్మడి స్థలానికి కూడా ఒక ప్లాన్ గీశాడు. ఒకే ఇల్లు, వీధిలోకి రెండు వాకిళ్లు. ఒకటి అన్న ఆదినారాయణకు, రెండోది తన పెంచలమ్మకు. రెండింటికీ అక్కడే టేకు ద్వారబంధాలు చేయించి ఓడలో పంపాడు. నలభై తొమ్మిదిలో అక్కడ మళ్లీ యుద్ధం. తను కట్టిస్తున్న ఇంటి మీదే ఫిరంగి గుండు పడి చనిపోయాడు. ముప్పై కూడా నిండలేదు.

పెంచలమ్మ ఉదయగిరిలో పుట్టింటికి చేరింది. ఆదినారాయణ వచ్చాడు.

"తమ్ముడు గీసినట్టే కడతానమ్మా. నీ వాకిలి నీదే."

ఆ మాట పట్టుకునే ఆమె బతికింది. ద్వారబంధాలు నిలబెట్టే ముందు ఆయన మళ్లీ వచ్చాడు.

"ముత్తైదువులు గడపకు పసుపు పూసే రోజు గదమ్మా, నువ్వు ఎదురుగా ఉంటే బాగుండదు. గృహప్రవేశం అయినాక నేనే బండి పంపిస్తా."

ఎక్కడైనా ఉండే ఆచారమే కదా అని ఆగిపోయింది. బండి రాలేదు. తనే బస్సెక్కి పోయింది. ఇంటికి ఒకటే వాకిలి. రెండోది ఉండాల్సిన చోట సున్నం కొట్టిన గోడ. రెండో ద్వారబంధం బజారులో ఆదినారాయణ కొట్టుకు బిగించి ఉంది.

తెల్లారి కొట్టు తెరవగానే పోయి ఆ గడప మీద కూర్చుంది. బోణీకి వచ్చినవాళ్లు విధవ ఎదురైందని వెనక్కి తిరిగారు.

"లేయమ్మా! గిరాకీ అంతా పోతాండాది."

"నా వాకిట్లో నేను కూర్చున్నాను బావా. నీకేంది?"

"జనం చూస్తాండారు, బాగుండదు."

"ఆ పొద్దు బాగుండదంటే విన్నాను. ఏం జేసినావు?"

"పెరటి వైపు తలుపు పెట్టిస్తాలే."

"పెరట్లోంచి దూరేదానికి నేనేమన్నా దొంగనా?"

మధ్యాహ్నం దాకా ఒక్కరూ లోపల అడుగు పెట్టలేదు. చివరికి ఆదినారాయణ మేస్త్రీ దస్తగిరిని పిలిపించి ద్వారబంధం ఊడదీయించాడు.

"తీసకపో. నీ వాకిలి నీకిచ్చేసినాను."

ఇంటి ఊసు ఎత్తలేదు.

ఆమె దాన్ని బండిలో వేయించుకుని ఉదయగిరి తెచ్చింది. మా మట్టింటికి అది పట్టలేదు. గోడకు ఆనించి పెట్టారు. శుక్రవారం వస్తే ఆ గడపకు మేనత్తే పసుపు పూసేది. మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు.