కెపాసిటర్ ఊరవతల

ఫ్యాక్టరీ యజమానికి పెద్దల్లుడంటే భయం, మిగతావాళ్ళకి నవ్వు. సర్వజ్ఞుడని ఆయనకి చాటున పెట్టిన పేరు. పవర్ సప్లై బోర్డులన్నీ ఆయనే గీసేవాడు. భాగాలు పెళ్ళి ఫొటోలో చుట్టాల్లా వరసగా నిలబడాలి, నడుమ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో వెలగాలి. కరెంటు సంగతి కరెంటే చూసుకుంటుంది.

పరీక్షల గది యజమాని కోడలిది. ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపుల కోసం చేసిన కొత్త బోర్డు ఆమె బల్ల మీదికొచ్చింది. ఇరవై నాలుగు వోల్టులను ఐదుకు దించే బక్ కన్వర్టర్ అది. మోటారు తిరగగానే ఆసిలోస్కోప్ తెర మీద నున్నగా ఉండాల్సిన గీత ముళ్ళకంప అయిపోయేది. పంపు ఆగిపోయేది.

“చిప్పులు నకిలీవి,” అన్నాడు సర్వజ్ఞుడు, తెర వైపు చూడకుండానే.

“ఎక్కడ కొన్నవైనా ఇదే వరస, అన్నయ్యగారూ. చిప్పు అడిగిన క్షణంలో కరెంటందించేది ఇన్‌పుట్ కెపాసిటరే, అది చిప్పుని ఆనుకుని ఉండాలి. మీరు ఊరవతల పెట్టారు.”

“మరి పేరెక్కడ వెయ్యనమ్మా? డిజైనంటే అతుకులెయ్యడం కాదు.”

ఆడలేక మద్దెల ఓడన్నవాడు కూడా ఈయనకంటే నయమే అనుకుంది. చిన్న కెపాసిటర్ తీసి, కంపెనీ పేరు మీదుగానే చిప్పు కాళ్ళకి అతికించింది. ముళ్ళు అణిగాయి. పంపు ఆగలేదు.

“చూశావా? ఈసారి మంచి చిప్పు పడింది!”

ఆమె కెపాసిటర్ ఊడదీసింది. పంపు ఆగింది. మళ్ళీ అతికించింది. పంపు తిరిగింది. గుమ్మంలో నిలబడ్డ మామగారు అంతా చూశారు.

“అల్లుడు కదమ్మా, కాస్త సర్దుకో,” అని గొణిగారు.

“జరగాల్సింది నేను కాదు మామయ్యగారూ, కెపాసిటర్. అప్పటిదాకా ఈ బోర్డులు గది దాటవు.” గదికి తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుంది.

సర్వజ్ఞుడు అలిగాడు. అలకలోనే బోర్డు మళ్ళీ గీశాడు. పంపుల కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తే, కెపాసిటర్‌ని దగ్గరికి తేవడం తన ఆలోచనేనని చెప్పుకున్నాడు. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఆయనకి అదీ రాలేదు.

“ఎందుకు దగ్గరుండాలి?” అని వాళ్ళ ఇంజనీరు అడిగింది.

ఆయన దగ్గాడు. గాలి తగులుతుందన్నాడు. ఆమె కళ్ళు చిట్లించేసరికి, “వివరాలు మా చెల్లెమ్మ చెబుతుంది లెండి,” అంటూ కుర్చీలోంచి లేచాడు.

కోడలు ఆ కుర్చీలో కూర్చుని, కలం తీసుకుని, కరెంటు తిరిగే దారి గీయడం మొదలుపెట్టింది.