పుట్టమ్మ పెట్టె శృతి

"చిన్నప్పా, ఆ పాత సింథసైజర్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఎందుకు? పదేండ్లుగా అప్‌డేట్ లేదు, దాని పేరు కూడా ఎవురికీ తెలీదు," అనింది మా అన్న కూతురు రంజిత. అదీ నిజమే అనుకోని, హోసూరులో నా స్టూడియో కంప్యూటర్లో కొత్త సింథ్ సాఫ్ట్‌వేర్ వేసినాను.

మరుసటి దినమే జవళగిరి భజన గుంపులోని పుట్టమ్మ, హార్మోనియం పెట్టె ఎత్తుకోని రికార్డింగుకు వచ్చింది. కొత్తదాంట్లో శృతి పెట్టి వాయించమన్నాను. రెండూ కలవలేదు. చెవుల్లో గీరినట్లుండింది.

"నీ పెట్టె శృతి దిగిపోయిందమ్మా. బాగుచేయించుకోని రాకూడదా?" అని కసిరినాను.

"దిగిపోలేదప్పా, నేనే దించినాను. ఆరేండ్ల కింద మేము పాడుకునేదానికి నువ్వు మ్యూజిక్ చేసిచ్చినావు కదా, దాంతో మా పెట్టె కలవలేదు. కృష్ణగిరికి ఎత్తుకుపోయి శృతి దిగేట్లు లోపలి రీడ్లన్నీ గీకించినాను."

ఆ మ్యూజిక్ చేసిన పాత సింథ్ తెరిచి ఒక స్వరం నొక్కినాను. పెట్టెతో అచ్చంగా కలిసింది. ఎప్పుడో దాని శృతి కొంచెం దించి, మళ్లీ ఎక్కించేది మరిచిపోయినట్లున్నాను. ఇన్నేండ్లూ చూసుకోనేలేదు.

"తప్పు నాదమ్మా. అప్పుడే వచ్చి అడిగుండొచ్చు కదా?"

"నీది కంప్యూటర్ కదప్పా," అనింది పుట్టమ్మ. "మా పెట్టెదే తప్పనుకున్నాము."