బొట్టు పెట్టిన లేత్ మిషిన్

సదువుకునే పిల్లలు మొన్న యూనియన్ ఆఫీసుకొచ్చి, పంపుల ఫ్యాక్టరీ లొల్లి ఎట్ల మొదలైందని అడిగిండ్రు. మావోల్లు సిద్ధాంతం చెప్పిండ్రు. నేను ఉన్నదున్నట్టు చెప్త, ఇనుండ్రి. అది నా కుళ్లుతోని మొదలైంది.

తొంభై తొమ్మిది. దసరాకు నెల ముందు ఇస్నాపూర్ల మా కిరాయి రూముల ముందట టెంపో ఆగింది. కొత్త కుట్టుమిషిన్లు దించుతున్నరు. నేను పోయి ఒకదాని మీద చెయ్యేసిన. కాయితాలు పట్టుకున్నాయన చెయ్యి తోసేసిండు. పర్మినెంటోల్ల పెండ్లాలకేనట, కంట్రాక్టోల్లు జరగాల్నట. పదకొండేండ్ల సంది ఆ ఫ్యాక్టరీల ఇనుప పొట్టు ఊడ్చిన చెయ్యి అది.

సంగతేందంటే, సర్కారు మా ఫ్యాక్టరీని అమ్మకానికి పెట్టింది. సముద్రం అవతల ఏదో దేశం, మీరు సర్కారు ఫ్యాక్టరీలు అమ్మి బజారు దారి పట్టుండ్రి, మేం సాయం జేస్తం అన్నదట. ఆ సాయంతోని పర్మినెంటోల్లు ఇష్టంగ కొలువు ఇడిసినట్టు సంతకం పెట్టాలె, ఇంటికో కుట్టుమిషిన్ తీస్కోవాలె. మా నలభై మంది ఆడోల్లకు సంతకం సుత లేదు. మీరు కంట్రాక్టరు మనుషులు, ఫ్యాక్టరోల్లు కాదు అన్నరు. గా మాట తప్పని మా ఆడోల్ల యూనియన్ ఏసిన కేసు అప్పటికే కోర్టుల నడుస్తుండె.

పక్క రూము అరుణమ్మ మొగడు సంగయ్య ఇనుము చెక్కే లేత్ మిషిన్ మీద పర్మినెంటు. ఆమెకు కుట్టుమిషిన్ వచ్చింది. పొద్దుగాల్నే టకటక మొదలువెడితే నా కడుపు మండేది. దారం తెగిందని ఇంటే పానం సల్లవడేది. దాపెట్టుడెందుకు, ఆమె మిషిన్ తుప్పు వట్టాల్నని మొక్కుకున్న కూడా.

మొక్కు పనిజేసినట్టే అయింది. గల్లీల ముప్పై మిషిన్లు. ఎవరి బట్టలు ఎవరు కుట్టాలె? పదిహేను దినాలల్ల టకటక బందయ్యింది. ఒకదినం అరుణమ్మ గడపల కూసోని ఏడుస్తుంటే నేను సంబురంగ సూసిన. ఆమె నా దిక్కు సూసి, రేపు ఆయుధపూజ దినం లేత్ మిషిన్లు లారీలల్ల ఎత్తుకపోతరట బక్కమ్మా అన్నది. నా సంబురం ఆన్నే సచ్చింది. మిషిన్లే పోతే ఫ్యాక్టరీ ఏది, మా కేసు ఏది?

పొద్దుగూకే యాల్లకు అందరం రూముల నడుమ కూడినం. మీరు సంతకాలు పెట్టి మమ్ముల ముంచిండ్రని మా ఆడోల్లు, పిల్లలను సాదాలె గదా, పెట్టక ఏం జేస్తమని పర్మినెంటోల్లు. కొట్టుకునేదాకా వచ్చింది. గేటు బంద్ జేద్దామంటే పోలీసోల్లు ముందే ఉంటరు, పూజకొక్కటే లోపలికి తోలుతరు అన్నడు సంగయ్య.

పూజ అనంగనే నాకు పాత మంట లేసింది. ఏటేటా దసరాకు మిషిన్లు కడిగేది మేము. బొట్టు పెట్టేది పర్మినెంటు మొగోల్లు. మేము బయట నిలవడితే కొబ్బరిముక్క చేతుల పెట్టేటోల్లు.

"ఈసారి బొట్టు నేను పెడత," అన్న. "పూజల ఉన్న పనిముట్టును ఎవడు కదిలిస్తడో సూస్త."

సంగయ్య మంచిదే అన్నడు. దేవుడు లేడంటవు గదా సంగన్నా అని ఒకాయన నవ్విండు. "దేవుడు లేకుంటే లేకపాయె, లేత్ అయితే ఉన్నది గదా," అన్నడు సంగయ్య. కుంకుమ భరిణ తెచ్చి నా చేతులనే పెట్టిండు.

తెల్లారి పర్మినెంటోల్ల ఎంబడి మేమూ లోపలికి పోయినం. ఇరవై రెండు లేత్‌లకు పసుపు, కుంకుమ, బంతిపూలు. మొదటి బొట్టు నాది. సాయమిచ్చే దేశపు దొర ఆడికే వచ్చిండు, పండుగనుకోని ఫోటోలు తీసిండు. ఆయనకు సుత బొట్టు పెట్టినం.

లారీలు వచ్చినయ్. హమాలీల మేస్త్రి పెద్దరాములు హత్నూర దిక్కు మనిషి. పూలు సూసి ఆగిండు, తువ్వాల దులిపి భుజమ్మీద ఏసుకుండు. "పూలు తీసి పూజ ఎత్తకముందు ముట్టం సార్. కావాల్నంటే మీరే లేపుండ్రి," అన్నడు. ఎప్పుడు ఎత్తుతరని ఆఫీసరు అడిగిండు. ఫ్యాక్టరీ అమ్మేది లేదని రాసిచ్చినంక ఎత్తుతమని చెప్పి మిషిన్ల నడుమ కూసున్నం. హమాలీలు మా పక్కపొంటి కూసున్నరు.

ఎస్సై వచ్చి, మొదటి బొట్టు ఎవరు పెట్టిండ్రని గద్దిచ్చిండు. అరుణమ్మ లేసి నేనే అన్నది. నన్ను కాపాడనీకె అన్నది, నాకెరికే. అయినా ఒళ్లు మండింది. కుట్టుమిషిన్ ఆమెకే, పేరు సుత ఆమెకేనా?

"ఝూట్, సార్," అన్న. "ఆ బొట్టు నాది."

ఇద్దరినీ వ్యాన్ల ఎక్కిచ్చిండ్రు. పటాన్‌చెరు ఠాణాల రైటరు పేర్లు రాసుకుండు. ఏం పని అని అడిగితే, సర్కారు పంపుల ఫ్యాక్టరీల పనిజేస్త అన్న. ఆయన ఏం సోచాయించకుండ అట్లనే రాసి బిగ్గర సదివిండు: బక్కమ్మ, పంపుల ఫ్యాక్టరీ కార్మికురాలు.

పదకొండేండ్లల్ల ఆ మాట ఏ సర్కారు కాయితం మీద ఎక్కలే. నకలు కావాలె సార్, మా వకీలుకియ్యాలె అన్న. రైటరు కలం ఆగింది, గని సిరా అప్పటికే ఆరిపోయింది.

అరుణమ్మ పేరు పక్కన ఇంటిపని అని రాసిండు. ఆమె నా పేరు దిక్కే సూస్కుంట కూసున్నది. ఆ సూపు నాకు మంచిగ ఎరికే.

"బెయిలు మీద పోంగనే నన్నుగూడ మీ యూనియన్ల రాయిచ్చు," అన్నది.